తారల పేర్లు కాపాడిన అల్ సూఫీ

మన సీమలో పుట్టి పెరిగిన బిడ్డకు రోహిణి అన్న మాటను ఏ ఉపాధ్యాయుడూ నేర్పనక్కరలేదు. మే నెల చివరి వారంలో రోహిణి కార్తె ప్రవేశిస్తే రోళ్ళు సైతం పగులుతాయని ఇంట్లో అవ్వలు అంటూనే ఉంటారు. బాగేపల్లి మెట్టలలోనైనా, చింతామణి చెరువుల కిందనైనా, చిక్కబళ్ళాపురం తోటలలోనైనా ఆ పదునాలుగు దినాల ఎండ ఎరుగని వారుండరు. అటుపై మృగశిర వస్తుంది, గాలి తిరుగుతుంది, రైతు దుక్కి సంగతి తలపోస్తాడు. అయితే ఆ కార్తెకు పేరిచ్చిన రోహిణి నిజంగా ఆకాశంలో కనిపించే ఒక ఎర్రని నక్షత్రమనీ, కార్తె నడిచే రోజులలో మాత్రం అది సూర్యునితో కూడి ఉండి మన కంటికి ఆననే ఆనదనీ చాలామందికి తెలియదు. నాకు కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలియదు.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదవ తరగతిలో విజ్ఞానశాస్త్ర పాఠం చెబుతుండగా గోడకు తగిలించిన నక్షత్ర పటంలో రోహిణి ఉన్నచోట ఆల్డెబరాన్ అని అచ్చయి ఉండడం ఒక బాలిక చూసింది. అది రోహిణికి ఇంగ్లీషు పేరా అని అడిగింది. అవునన్నాను. ఆ జవాబు తప్పు. ఇంటికి వెళ్ళాక మనసున నిలువక నిఘంటువులు తిరగవేస్తే ఆ మాట అరబ్బీదని తేలింది. మరునాడు తరగతిలో నా తప్పు నేనే దిద్దుకున్నాను. దిద్దుకొనే ప్రయత్నంలో నాకు పరిచయమైన మహనీయుడే అబ్దుల్ రహమాన్ అల్ సూఫీ. మన పాఠశాల ప్లాటినం జూబ్లీ సంచికకు ఒక జీవిత చరిత్ర వ్రాయవలసిందని సంపాదక మండలి కోరినప్పుడు, మనకు చిరపరిచితులైన దేశనాయకుల చరిత్రలు ఇతరులు వ్రాస్తారు గనుక, వెయ్యేళ్ళకు పూర్వం జీవించిన ఈ పండితుని గురించి వ్రాయడం ఉచితమని భావించాను.

అల్ సూఫీ క్రీస్తు శకం 903వ సంవత్సరం డిసెంబరు 7వ తేదీన రయ్ నగరంలో జన్మించారు. హిజ్రీ లెక్కలో అది 291 ముహర్రం 14. నేటి ఇరాన్ రాజధాని టెహరానుకు దక్షిణాన ఆ ప్రాచీన నగరపు శిథిలాలు నేటికీ ఉన్నాయి. ఆయన పూర్తి పేరు అబుల్ హుసేన్ అబ్దుల్ రహమాన్ బిన్ ఉమర్ అల్ సూఫీ. పేరులో సూఫీ అని ఉన్నా ఆయన గడించిన ఖ్యాతి అంతా ఖగోళ శాస్త్రానిదే. ఆయన పుట్టిన నేల పారశీకం. పాండిత్యపు భాష మాత్రం ఆ రోజులలో అరబ్బీ. ఇంటి చుట్టూ ఒక భాష, గ్రంథాలలో మరొక భాష, ఆ గ్రంథాలలోని శాస్త్రానికి మూలమైన గ్రీకు మూడవ భాష. ఇంట తెలుగు, కచేరీలో కన్నడం, శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టులో ఉర్దూ వినిపించే మన ప్రాంతపు వారికి ఈ సంగతి వింతగా తోచదు.

ఆయన జన్మించేనాటికి బాగ్దాదులో అనువాదాల మహోద్యమం శతాబ్దం దాటి సాగింది. క్రీస్తు శకం రెండవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరాన టాలెమీ గ్రీకు భాషలో రచించిన ఖగోళ మహాగ్రంథం తొమ్మిదవ శతాబ్దిలో అరబ్బీలోకి పలుమార్లు పరివర్తన చెందింది. ఆ గ్రంథాన్ని లోకమంతా ఈనాడు పిలిచే అల్మాజెస్ట్ అన్న పేరు కూడా అరబ్బీ నోట మారిన గ్రీకు మాటయే. అందులో 48 నక్షత్ర మండలాలు, వేయి పైచిలుకు తారల పట్టిక ఉన్నాయి.

దీనికి తోడు ఎడారి అరబ్బులకు తమవైన తారాజ్ఞానం ఒకటి ఉండేది. అది గ్రంథాలలో పుట్టినది కాదు. రాత్రివేళ ఒంటెలను తోలుకొని పోయేవారికీ, వాన కోసం ఎదురు చూసేవారికీ చుక్కలే పంచాంగం. ఏ చుక్క ఉదయిస్తే ఏ గాలి వీస్తుంది, ఏది అస్తమిస్తే మేకలు ఎప్పుడు ఈనుతాయి అన్న లెక్కలు వారి నోట నిలిచి ఉండేవి. మన కార్తెల వంటివే. చంద్రుడు ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క చోట బస చేస్తాడని భావించి ఆకాశాన్ని 28 విడుదులుగా విభజించుకున్నారు. మన నక్షత్రాలు 27, అభిజిత్తుతో కలిపితే 28. మన వరుసలో కృత్తిక మూడవది, రోహిణి నాలుగవది. వారి వరుసలోనూ కృత్తిక మూడవది, రోహిణి నాలుగవదే. చంద్ర నివాసాల ఈ ఏర్పాటు భారతదేశం నుండి అటు పయనించి, అరబ్బుల పూర్వపు తారాజ్ఞానంతో కలిసిందని పలువురు పండితుల అభిప్రాయం.

ఈ రెండు విద్యలూ ఎరిగిన వారు ఆనాడు వేర్వేరుగా ఉండేవారు. గ్రీకు పట్టికలు చదివినవారికి ఎడారి పేర్లు తెలియవు. ఎడారి పేర్లు సేకరించిన భాషా పండితులకు ఆకాశం తెలియదు. అల్ సూఫీ తన గ్రంథానికి పీఠికలో ఈ లోపాన్ని నిర్మొహమాటంగా ఎత్తిచూపారు. ఖగోళ గోళాలు తయారుచేసే శిల్పులు తలయెత్తి చూడకుండా పాత పట్టికలలోని అంకెలను నమ్మి చుక్కలు పొదుగుతున్నారనీ, ఆ పట్టికలలో వ్రాతగాళ్ళ తప్పులు దొర్లినా పట్టించుకొనేవారు లేరనీ ఆయన బాధ. అల్ బత్తానీ అంతటి ప్రసిద్ధుని విషయంలో సైతం ఆయన మొహమాటపడలేదు.

ఈ సందర్భంలోనే ఒక ప్రయాణం చెప్పుకోవాలి. హిజ్రీ 335లో, అంటే క్రీస్తు శకం 946-47 ప్రాంతంలో, అల్ సూఫీ దీనవర్ అనే పట్టణానికి వెళ్ళారు. అబూ హనీఫా దీనవరీ అనే గొప్ప పండితుడు పూర్వపు శతాబ్దిలో అక్కడ నివసించారు. అరబ్బుల తారల పేర్లపై ఆయన రచనను మించినది లేదని అందరూ చెప్పుకొనేవారు. అల్ సూఫీ పనిగట్టుకొని ఆయన ఇల్లు చూశారు. ఆ ఇంటి మిద్దెపై నుండి ఆయన ఏళ్ళ తరబడి చుక్కలను పరిశీలించేవారని స్థానికులు చెప్పారు. కాని గ్రంథాన్ని ఆకాశంతో పోల్చి చూస్తే, దీనవరీ పూర్వులు చెప్పినది శ్రద్ధగా కూర్చారే తప్ప తారలను కంటితో గుర్తుపట్టినవారు కారని అల్ సూఫీకి అర్థమయింది. ఆయన సేకరణను మెచ్చుకుంటూనే ఆ మాట కూడా వ్రాశారు. పెద్దల పట్ల గౌరవం, వారి తప్పు చెప్పే ధైర్యం రెండూ ఒకే చోట ఇమడడం అరుదు. మా ఉపాధ్యాయ వర్గానికి ఇది మరింత కష్టమైన విద్య అని నా స్వానుభవం.

తరువాతి కాలంలో అల్ సూఫీకి ఆశ్రయమిచ్చినవారు బుయిద్ వంశపు ప్రభువు అదుద్ ఉద్ దౌలా. ఆయన 949లో పదమూడేళ్ళ వయసులోనే ఫార్స్ దేశపు పాలన చేపట్టి, క్రమంగా బాగ్దాదు వరకు తన అధికారాన్ని విస్తరించారు. షిరాజ్ నగరం ఆయన రాజధాని. షిరాజ్ సమీపాన కోర్ నదిపై ఆయన కట్టించిన ఆనకట్ట, బాగ్దాదులో నెలకొల్పిన ఆసుపత్రి చరిత్ర ప్రసిద్ధాలు. విద్యావంతుడైన రాజు. తనకు వ్యాకరణం నేర్పినది అబూ అలీ ఫారిసీ అనీ, స్థిర తారల విద్య నేర్పినది అల్ సూఫీ అనీ ఆయన గర్వంగా చెప్పుకొనేవారట. రాజులను పొగిడిన పండితులు ఎందరో ఉన్నారు గాని, తనకు పాఠం చెప్పిన గురువు పేరు చెప్పుకొని పొంగిన రాజులు కొందరే. ఆయన కోసం అల్ సూఫీ షిరాజులో ఒక పెద్ద లోహపు వలయాన్ని నిలిపి సూర్యుని గతిని కొలిచారు. ఆస్ట్రోలేబు అనే యంత్రాన్ని గురించి కూడా విపులంగా వ్రాశారు.

964 ప్రాంతంలో ఆయన జీవితకృషి ఫలించింది. స్థిర తారల గ్రంథం వెలువడింది. దీనిని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

టాలెమీ చెప్పిన 48 మండలాలను ఒక్కొక్కటిగా తీసుకొని, అందులోని ప్రతి తారను దాని పొరుగు తారల దూరంతో, రంగుతో, ప్రకాశంతో మాటలలో వర్ణించారు. ఆ వెంటనే ఆ తారలను అరబ్బులు ఏమని పిలుస్తారో, ఏ చుక్కలను కలిపి ఏ బొమ్మగా ఊహిస్తారో వ్రాశారు. అనంతరం రెండు చిత్రాలు. ఒకటి భూమి మీద నిలిచి తలయెత్తినప్పుడు కనిపించే రీతి. రెండవది గోళం మీద, అంటే ఆకాశాన్ని బయటి నుండి చూసినట్లు. అద్దంలో కుడి ఎడమలు మారినట్లు ఈ రెండు చిత్రాలలో దిక్కులు తారుమారవుతాయి. చూసేవాడు తికమక పడకూడదని చేసిన ఈ ఏర్పాటులో నాకు ఒక మంచి ఉపాధ్యాయుడు కనిపిస్తాడు. చివరగా పట్టిక. పలుచని కాగితాన్ని గోళంపై పరిచి ఆయన బొమ్మలు దింపుకున్నారని తరువాతి తరం వాడైన అల్ బెరూనీ వ్రాసి ఉంచారు.

ఇక్కడ ఒక లోపం కూడా దాచకుండా చెప్పాలి. తారల స్థానాలను అల్ సూఫీ కొత్తగా కొలవలేదు. టాలెమీ అంకెలకు 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపి తన కాలానికి సరిచేశారు. కొన్ని తారలు ఆ అంకెల చోట ఆకాశంలో లేవని గుర్తించి వ్రాసినా, పట్టికను మాత్రం సవరించలేదు. ఇందుకు ఆయనను విమర్శించినవారు ఉన్నారు. తారల ప్రకాశం విషయంలో మాత్రం ఆయన ఎవరినీ నమ్మలేదు. ప్రతి చుక్కను తన కంటితో చూసి, ప్రథమ శ్రేణిదా, ద్వితీయ శ్రేణిదా, వాటి నడిమిదా అని నిర్ణయించారు. దుర్భిణి పుట్టడానికి ఆరున్నర శతాబ్దాల ముందు, ఉత్త కంటితో చేసిన ఆ నిర్ణయాలను ఆధునిక శాస్త్రజ్ఞులు సైతం విలువైనవిగా పరిగణించారు.

ఆ కలిపిన 12 డిగ్రీల సంగతి మన కార్తెలకు కూడా సంబంధించినదే. భూమి తన ఇరుసుపై బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంది. అందువలన నక్షత్రాల స్థానాలు ఏటేటా ఇసుమంత జరుగుతూ ఉంటాయి. ఒక డిగ్రీ జరగడానికి నూరేళ్ళు పడుతుందని టాలెమీ లెక్క. 66 ఏళ్ళు చాలునని బాగ్దాదు పండితులు అన్నారు. అల్ సూఫీ దానినే స్వీకరించారు. సరియైన లెక్క సుమారు 72 ఏళ్ళు. మన కార్తెలు నక్షత్రాలను అనుసరిస్తాయి, ఇంగ్లీషు తేదీలు ఋతువులను అనుసరిస్తాయి. కనుక రోహిణి కార్తె ప్రవేశించే తేదీ దాదాపు 72 ఏళ్ళకొక రోజు చొప్పున వెనుకబడుతూ వస్తుంది. మన పాఠశాల తెరచి 75 ఏళ్ళయింది. తొలి సంవత్సరపు విద్యార్థులు చూసిన రోహిణికీ, నేటి పిల్లలు చూసే రోహిణికీ నడుమ ఒక డిగ్రీ పైచిలుకు తేడా వచ్చిందన్నమాట. రెండు పూర్ణ చంద్రులను ప్రక్క ప్రక్కన పేర్చినంత వెడల్పు అది.

ఇక రోహిణి పేరు. అల్ దబరాన్ అనగా వెంబడించేవాడు. కృత్తికలు తూర్పున ఉదయించిన సుమారు గంటకు ఇది ఉదయించి, రాత్రంతా వాటి వెనుకనే నడుస్తుంది కనుక ఆ పేరు. అరబ్బులు కృత్తికలను సురయ్యా అన్నారు. వారి కథలో ఈ వెంబడించేవాడు సురయ్యాను వరించిన ప్రేమికుడు. ఆమెకు కన్యాశుల్కంగా ఇవ్వడానికి చిన్న ఒంటెల మందను తోలుకొని వస్తున్నాడు. రోహిణి చుట్టూ కనిపించే చిన్న చుక్కల గుంపే ఆ ఒంటెలు. మన పురాణంలో రోహిణి దక్షుని కుమార్తె, 27 మంది భార్యలలో చంద్రునికి మిక్కిలి ప్రియమైనది. ఆ చుక్కల గుంపే మనకు శకటం, అంటే బండి. ఒక దేశంలో అలుపెరుగక వెంటపడే వరుడు, మరొక దేశంలో అలిగినా విడువరాని ఇల్లాలు. గ్రీకులకు అదే చుక్క ఎద్దు కన్ను. సంస్కృతంలో రోహిణి అన్న మాటకు ఎర్రనిది అని అర్థం ఉన్నది గనుక, దాని రంగును పేరులో పట్టినవారు మాత్రం మనవారు.

మన హాజరు పట్టీలలో రోహిణులు ఉన్నారు, కృత్తికలు ఉన్నారు, సురయ్యాలు ఉన్నారు. కృత్తిక, సురయ్యా ఒకే బల్లపై కూర్చొని చదువుకున్న ఏడాది కూడా ఉన్నది. తామిద్దరివీ ఒకే చుక్కల పేర్లని ఆ పిల్లలకు అప్పట్లో చెప్పలేకపోయాను. ఈ సంచిక వారి చేతికి అందితే చదువుకొందురు గాక.

చాలామంది అల్ సూఫీయే ఈ పేర్లు పెట్టినట్లు వ్రాస్తుంటారు. అది సరికాదు. పేర్లు పెట్టినవారు పేరు తెలియని పశువుల కాపరులు, బాటసారులు. ఆ పేరు ఏ చుక్కదో ఆకాశంలో వెదకి నిర్ధారించి, గ్రీకు మండలాల సరసన నిలిపి, రెండింటికీ సమాన గౌరవమిచ్చినవారు అల్ సూఫీ. గ్రీకు శాస్త్రం ముందు ఎడారి మాటలు మోటు అని ఆయన తలచి ఉంటే అవి ఏనాడో ఎగిరిపోయేవి.

ఆ పేర్లు ఐరోపాకు చేరిన తీరు మరొక కథ. పన్నెండవ శతాబ్దిలో స్పెయిన్ దేశపు టొలేడో నగరం అనువాదకులకు నిలయమయింది. క్రెమొనా నగరవాసి జెరార్డు అల్మాజెస్టును అరబ్బీ నుండి లాటిన్ లోకి తెచ్చారు. 1256లో కాస్టీల్ రాజు పదవ అల్ఫోన్సో ఆదేశంపై అల్ సూఫీ గ్రంథం ఆధారంగా ఆ దేశభాషలో ఒక తారాగ్రంథం వెలువడింది. ఆస్ట్రోలేబు యంత్రాలపై చెక్కిన తారల పేర్ల ద్వారా కూడా అరబ్బీ మాటలు వ్యాపించాయి. మనం శ్రవణం అనే తార అక్కడ ఆల్టేర్, అంటే ఎగిరే గద్ద. మన అభిజిత్తు వేగా, అంటే వాలే గద్ద. రైగెల్ అంటే పాదం, డెనెబ్ అంటే తోక, ఫోమల్‌హాట్ అంటే చేప నోరు. అయితే ఇంగ్లీషు పటాలలోని పేర్లన్నీ అరబ్బీవే అనుకోవడమూ పొరపాటే. మన జ్యేష్ఠకు అంటారెస్ అన్నది గ్రీకు, మన చిత్తకు స్పైకా అన్నది లాటిన్.

వీటిలో మన ఆర్ద్రకు పట్టిన గతి తెలుగు ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోదగినది. దాని అరబ్బీ పేరు యద్ అల్ జౌజా, అంటే జౌజా చేయి. అరబ్బీ లిపిలో మాట మొదట వచ్చే య, బ అక్షరాల ఆకారం ఒకటే. కింద రెండు చుక్కలుంటే య, ఒక చుక్క ఉంటే బ. ఎవరో ఒక లేఖకుడు ఒక చుక్క జారవిడిచాడు, లేదా చదివినవాడు గమనించలేదు. యద్ కాస్తా బద్ అయింది. అదే సాగి సాగి బెటెల్‌గ్యూస్ అయి కూర్చుంది. మన పిల్లలు ప వ్రాయవలసిన చోట వ వ్రాస్తే మనం ఎర్ర సిరాతో దిద్దుతాము. ఇక్కడ దిద్దేవారు లేక ఆ తప్పు ప్రపంచమంతటా స్థిరపడింది.

అల్ సూఫీ చూపు ఎంత నిశితమో తెలిపే మరొక విషయం ఉన్నది. ఆండ్రోమెడా అనే మండలాన్ని వర్ణిస్తూ, అక్కడ అరబ్బులు ఊహించే పెద్ద చేప నోటి దగ్గర ఒక చిన్న మబ్బు తునక ఉన్నదని ఆయన నమోదు చేశారు. ఆ మబ్బును గురించి మనకు లభించే తొలి లిఖిత ప్రస్తావన అదే. 1612లో సైమన్ మారియస్ అనే జర్మను పండితుడు దుర్భిణితో దానిని చూశారు. అది మన పాలపుంత వంటి మరొక నక్షత్ర మహాకూటమి అని 1923లో ఎడ్విన్ హబుల్ అమెరికాలో చేసిన పరిశోధనతో గాని తేలలేదు. దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. అల్ సూఫీకి ఇవేవీ తెలియవు. తెలియనిదాన్ని ఊహించి పెద్ద పేరు పెట్టలేదు. కనిపించినంత వ్రాసి ఊరుకున్నారు.

అదుద్ ఉద్ దౌలా 983లో కన్నుమూశారు. అల్ సూఫీ మరి మూడేళ్ళు జీవించి 986వ సంవత్సరం మే 25న తమ 82వ ఏట షిరాజులో పరమపదించారు. రాజు కోసం ఆయన వెండితో ఒక ఖగోళ గోళం చేయించారు. అది 1043లో కైరో గ్రంథాలయంలో ఉండడం చూసిన ఒక పండితుని కథనం లభిస్తున్నది. 3,000 దిర్హముల తూకం గల ఆ గోళాన్ని 3,000 దీనారులకు కొన్నారట. ఆ వెండి గోళం నేడు లేదు. ఆయన కుమారుడు తారలపై ఒక పద్యకావ్యం రచించారు.

గ్రంథం మాత్రం నిలిచింది. పదమూడవ శతాబ్దిలో నసీరుద్దీన్ తూసీ దానిని పారశీక భాషలోకి అనువదించారు. 1437లో సమర్కందు ప్రభువు ఉలుగ్ బేగ్ తన తారల పట్టికను సిద్ధం చేసేటప్పుడు అల్ సూఫీ గ్రంథాన్ని ఎదుట ఉంచుకొని, ఆయన చేయక విడిచిన కొలతలను తానే తిరిగి చేయించారు. మన దేశంలోనూ ఆ విద్య ప్రవహించింది. ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ ఆస్థానంలో మహేంద్ర సూరి అనే జైన పండితుడు 1370లో యంత్రరాజమనే సంస్కృత గ్రంథం రచించి, ఆస్ట్రోలేబుపై గుర్తించదగిన 32 తారలను పట్టిక వేశారు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల ఆకాశాన్ని ఛాయాచిత్రాలు తీసి లక్షలాది తారల స్థానాలు కొలిచి, అంతర్జాతీయ మహాపట్టికలో పాలు పంచుకున్నది. చంద్రునిపై ఒక బిలానికి అజోఫీ అని పేరు పెట్టారు. అల్ సూఫీ పేరు లాటిన్ నోట పొందిన రూపం అది. 2016లో అంతర్జాతీయ ఖగోళ సంఘం తారల పేర్లను అధికారికంగా నిర్ణయించినప్పుడు ఆల్డెబరాన్ అన్న ఎడారి మాటకే ముద్ర వేసింది.

మన జిల్లాలోనే గౌరిబిదనూరు సమీపాన 1976లో వేయి డైపోలులతో టి అక్షరం ఆకారంలో రేడియో దుర్భిణి నిర్మించారు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి దానిని నెలకొల్పాయి. రేడియో తరంగాలకు కంటి చూపుతో పనిలేదు. మన గ్రామాల ఆకాశం కంటికి కూడా చీకటిగా, స్వచ్ఛంగా ఉండేది. ఇప్పుడు చిక్కబళ్ళాపురం పట్టణంలో నిలిచి చూస్తే బెంగళూరు వెలుగు దక్షిణాన తెల్లవారినట్లు కనబడుతున్నది.

ప్రతి జూన్ మాసంలో ప్రవేశాల వేళ తల్లిదండ్రులు నా గదిలో కూర్చొని అడిగే ప్రశ్న ఒకటున్నది. ఈ రాష్ట్రంలో ఉంటూ తెలుగు మాధ్యమంలో చదివిస్తే బిడ్డ ఎక్కడికి పోగలదని. న్యాయమైన ప్రశ్నే. గదులు ఖాళీ అవుతున్న బడికి ప్రధానోపాధ్యాయినిగా నేను దానిని తేలికగా త్రోసిపుచ్చలేను. కన్నడం బాగా నేర్పుతాము, ఇంగ్లీషు నేర్పుతాము అని చెబుతాను. అవి నిజంగా నేర్పుతున్నాము కూడా. అంతకు మించి చెప్పలేక ఆగిపోయిన రోజులు ఉన్నాయి. అట్టి రోజులలో నాకు షిరాజులోని ఆ వృద్ధ పండితుడు గుర్తుకు వస్తారు. గ్రీకు పట్టికను వదులుకోలేదు, ఒంటెల కాపరి మాటనూ వదులుకోలేదు.

ఆల్డెబరాన్ ఇంగ్లీషు పేరా అని అడిగిన ఆ బాలిక మరునాడు నా దిద్దుబాటు విని, ఇంకొక సంగతి చెప్పింది. వాళ్ళ తాత గొర్రెలు మేపేవాడట. కృత్తికలను ఆయన పిల్లలకోడి అనేవాడట, వరుసగా నిలిచే మూడు చుక్కలను గొల్లకావడి అనేవాడట. మరి రోహిణినేమనేవాడని అడిగాను. తెలియదు, అడుగుతానన్నది. తాత అప్పటికే మంచాన పడ్డాడు. వారం తరువాత వచ్చి, తాతకు గుర్తు రాలేదని చెప్పింది.

రోహిణి మనకు సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. ఈనాడు మన కంటిని చేరే దాని వెలుగు ఈ పాఠశాలకు పదేళ్ళ పసిప్రాయమున్నప్పుడు అక్కడ బయలుదేరినది. కార్తీక మాసపు సాయంకాలాలలో దీపాలు పెట్టిన తరువాత తూర్పుదిక్కుగా చూడండి. మొదట పిల్లలకోడి పైకి వస్తుంది. భోజనాలు ముగించి మళ్ళీ బయటికి వస్తే దాని కింద ఎర్రగా ఒక్క చుక్క నిలిచి ఉంటుంది. విజ్ఞానశాస్త్ర గదిలోని పటంలో ఆ చుక్క ప్రక్కన రోహిణి అనీ, అల్ దబరాన్ అనీ తెలుగు అక్షరాలలో వ్రాయించాను. కింద ఒక గీత గీసి కొంత చోటు ఖాళీగా ఉంచాము. మీ ఇళ్ళలో పెద్దలెవరికైనా దాని పల్లెపేరు తెలిసి ఉంటే, పాఠశాలకు ఒక కార్డు ముక్క వ్రాయగలరు.